రింగు ఎంత దూరం నుంచి వేస్తారు?

ముందు ఒక చిన్న ఆట ఆడదాం.

జాతరలో రింగులాట చూసే ఉంటారు. నేలమీద సబ్బులు, బిస్కెట్ ప్యాకెట్లు, నడుమ ఊరించే ఒక గోడగడియారం. మీ చేతిలో ఐదు రింగులు. మామూలుగా అక్కడ అడ్డంగా ఒక తాడు కడతారు. ఇవాళ ఆ తాడు తీసేశాం. ఎక్కడ నిలబడి విసరాలో మీ ఇష్టం.

మీరెక్కడ నిలబడతారు?

కొందరు సబ్బు మీద వంగినంత పని చేస్తారు. ఐదుకు ఐదూ పడతాయి. కొందరు ఇరవై అడుగుల అవతలికి పోతారు. పడితే హీరో. పడకపోతే "అంత దూరం నుంచి ఎవరికి పడుతుంది లెండి" అనే సాకు జేబులో రెడీగా ఉంటుంది. మూడో రకం మనుషులు తక్కువ. ఒక రింగు వేసి చూస్తారు. పడితే అడుగు వెనక్కి వేస్తారు. తప్పితే అరడుగు ముందుకొస్తారు. కాసేపటికి ఒక చోట ఆగుతారు. అక్కడి నుంచి వేస్తే పడొచ్చు, తప్పొచ్చు. తేల్చేది వాళ్ల చేతి నేర్పే.

హార్వర్డ్‌లో డేవిడ్ మెక్‌క్లెలండ్ అనే సైకాలజిస్ట్ ఉండేవాడు. మనుషుల్లో ఈ మూడో రకాన్ని వెతకడం ఆయన పని. ఆ మనస్తత్వాన్ని ఆయన అచీవ్‌మెంట్ మోటివేషన్ అనేవాడు, అంటే సాధించాలన్న తపన. జూదగాడి ధైర్యం వేరు, ఈ తపన వేరు. వ్యాపారంలో నిలదొక్కుకునేవాళ్లు మధ్యరకం రిస్కును ఇష్టపడతారని 1961లో 'ది అచీవింగ్ సొసైటీ' అనే పుస్తకంలో వాదించాడు.

ఈ ఆటను హైదరాబాద్ పక్కనున్న అజీజ్‌నగర్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కుర్రాళ్లతో నేను చాలాసార్లు ఆడించాను. ఇక్కడ కాలేజీలకు కొదవ లేదు. అజీజ్‌నగర్ గేటు దగ్గర వీజేఐటీ ఉంది, కేఎల్ యూనివర్సిటీ హైదరాబాద్ క్యాంపస్ ఉంది. పిల్లలు తెలివైనవాళ్లు. కానీ "స్టార్టప్" అనే మాట చెవిన పడగానే ఎక్కువమంది ఇరవై అడుగుల గీతకే పరిగెడతారు. యాప్, ఫండింగ్, యూనికార్న్! మిగతావాళ్లు సబ్బు పక్కన నిలబడతారు. "ముందు జాబ్ రానీయండి సార్, తర్వాత చూద్దాం."

మధ్యలో చోటంతా ఖాళీ. మిమ్మల్ని అక్కడికి తీసుకురావడమే నా పని. వస్తారు. ఎందుకు వస్తారో కూడా చెబుతాను.

కాకినాడ కబురు

"వ్యాపారం రక్తంలో ఉండాలండీ." ఈ మాట మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మామయ్యో, లెక్చరరో, బ్యాంకు కౌంటర్‌లో ఆయనో. ఇకమీదట ఆ మాట వినపడితే "కాకినాడ" అనండి.

1964లో మెక్‌క్లెలండ్ బృందం మన కాకినాడను ఎంచుకుంది. అక్కడి చిన్న, మధ్యతరహా వ్యాపారులను జట్లు జట్లుగా హైదరాబాద్ రప్పించారు. మొత్తం యాభై మంది దాకా ఉంటారు. చోటు సియెట్, అంటే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ. 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్ వచ్చింది. ఇప్పుడు యూసఫ్‌గూడలో ని-ఎంఎస్ఎంఈ పేరుతో నడుస్తోంది. కోర్సు సుమారు పది రోజులు.

చేతిలో పెట్టుబడి పెట్టలేదు. వాళ్ల కులం మార్చలేదు, వేషం మార్చలేదు, ఊరు మార్చలేదు. ఆలోచించే అలవాటు మీద పని చేశారు, అంతే.

ఎలా? ముందు ఒక బొమ్మ చూపిస్తారు. దాన్ని చూసి చిన్న కథ రాయాలి. తర్వాత ఎవరి కథను వాళ్లే దిద్దుకోవాలి. మీ కథలోని మనిషికి ఒక లక్ష్యం ఉందా? ముందున్న అడ్డంకి ఏమిటో గుర్తించాడా? అది బయటి అడ్డంకా, తన లోపలిదా? ఎవరి సాయం అడిగాడు? తప్పితే ఏం చేస్తాడు? వీటికి మార్కులు.

మన ఊరి బొమ్మతో ప్రయత్నించండి. తెల్లవారుజాము. మొయినాబాద్ దగ్గర పాలీహౌస్ ముందు ఒక కుర్రాడు టీవీఎస్ ఎక్సెల్‌కు గులాబీల క్రేట్లు కడుతున్నాడు. ముఖం దిగులుగా ఉంది.

ఒకరు ఇలా రాస్తారు: "గుడిమల్కాపూర్ మార్కెట్‌లో రేటు పడిపోయింది. రైతు బతుకింతే. దేవుడే దిక్కు."

ఇంకొకరు ఇలా: "రేటు పడిపోయింది. ఇవాళ సగం పూలు మార్కెట్‌కి, సగం పెళ్లిమండపాలు డెకరేషన్ చేసేవాళ్లకి ఇద్దామనుకున్నాడు. వాళ్లలో తనకు తెలిసింది ఒక్కరే. ఆయన్ని పట్టుకుని మరో ఇద్దరి నంబర్లు తీసుకోవాలి. కాడ పొడవు తక్కువుంటే వాళ్లు తీసుకోరు, కాబట్టి రాత్రే ఏరి పెట్టాడు."

బొమ్మ ఒకటే, పూలు అవే, నష్టమూ అంతే. రెండో కథ రాసినవాడు వ్యాపారం మొదలుపెట్టేశాడు, తనకింకా తెలియదు.

కోర్సులో రింగులాట లాంటి ఆటలు కూడా ఉన్నాయి. నువ్వు ఎంత దూరం ఎంచుకుంటావో నీ కళ్లకే కనపడాలి కదా! చివర్లో రాబోయే రెండేళ్లకు ఏం చేస్తానో ప్రతి ఒక్కరూ కాగితం మీద పెట్టాలి. తర్వాత అప్పుడప్పుడూ వెళ్లి ఆ కాగితం ఎక్కడిదాకా వచ్చిందో చూశారు.

ఫలితం? మెక్‌క్లెలండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో పుస్తకంగా వేశారు. కోర్సుకు ముందు, చురుగ్గా కొత్త పనులు చేస్తున్నవాళ్లు ఐదుగురిలో ఒక్కరు కూడా లేరు. తర్వాతి రెండేళ్లలో దాదాపు సగం మంది ఆ జాబితాలోకి వచ్చారు. కోర్సు తీసుకోని వ్యాపారులు? పావువంతు దగ్గరే ఉండిపోయారు.

పది రోజులు. ఆ పది రోజులు మీకూ ఉన్నాయి.

ఒక మెలిక మాత్రం ఉంది, దాచను. తన దుకాణంలో తన మాట చెల్లేవాళ్లకే ఈ శిక్షణ బాగా అక్కరకొచ్చింది. నాన్నో అన్నో నిర్ణయాలు తీసుకునే కొట్లో కూర్చున్నవాడికి ఎంత తపన పుట్టినా ఏం లాభం? అందుకే మీకు నా మొదటి పని ఇది: పూర్తిగా మీ చేతిలో ఉండే ఒక చిన్న నిర్ణయం సంపాదించండి. ఇంట్లో కిరాణా కొట్టుందా? "ఈ ఒక్క అర నాది, ఇందులో ఏం పెట్టాలో నేనే చూసుకుంటా" అని అడగండి. అర చాలు. కొట్టంతా అక్కర్లేదు.

మక్క కంకుల అక్క

ఇప్పుడు అజీజ్‌నగర్ గేటు దగ్గరికి రండి. వానాకాలం, ఆదివారం. మెహదీపట్నం నుంచి చేవెళ్ల వైపు పోయే రోడ్డు ఇది. చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్లే బళ్లు, ఫామ్‌హౌస్‌లకు పోయే బళ్లు, వికారాబాద్ గుట్టలకు పోయే బైకులు.

రోడ్డు పక్కన ఒక అక్క మక్క కంకులు కాలుస్తోంది. నేను అరగంట నిలబడి చూశాను. బొగ్గుల మీద ఒకేసారి ఆరేడు కంకులే పెడుతుంది. అంచుల్లో నాలుగు సగం కాలి ఉంటాయి. కారు ఆగగానే సగం కాలినదాన్ని నడిమికి జరుపుతుంది, విసనకర్రతో నాలుగు ఊపులు, నిమ్మచెక్క, ఉప్పుకారం, అయిపోయింది. ఆగినవాడు హారన్ కొట్టేలోపు కంకి చేతిలో ఉంటుంది. లేత కంకులు ఒక పక్క, ముదురువి ఒక పక్క. ముసలివాళ్లు దిగితే అడక్కుండానే లేతది తీస్తుంది.

సంచులెన్ని తెస్తావక్కా అని అడిగాను.

"ఒక్కటి కొంట సారూ. ఇంకోటి మా ఊరాయన పెట్టిపోతడు. అమ్ముడువోతే పైసలిస్త, లేకుంటే సంచి వాపస్."

రెండూ కొనొచ్చుగా, చవగ్గా వస్తాయి కదా?

"వానొచ్చి బళ్లాగకపోతే? ఒక్క సంచి పోతే పోయింది. రెండు పోతే నేను పోత."

ఇదే మాటను వర్జీనియా యూనివర్సిటీ ప్రొఫెసర్ సరస్ సరస్వతి 'అఫర్డబుల్ లాస్' అంటారు. భరించగల నష్టం. ఆమె భారతీయ మూలాలున్న పరిశోధకురాలు, నోబెల్ గ్రహీత హెర్బర్ట్ సైమన్ దగ్గర చదివారు. పెద్ద కంపెనీలు కట్టిన 27 మంది వ్యవస్థాపకులను కూర్చోబెట్టి, ఒక ఊహాజనిత వ్యాపార సమస్య ఇచ్చి, "ఆలోచిస్తున్నదంతా పైకి చెప్పండి" అని రికార్డు చేశారు. 2001లో ఆ సిద్ధాంతం వ్యాసంగా వచ్చింది. దాని పేరు ఎఫెక్చుయేషన్. పేరుకు నోరు తిరగదు, విషయం మాత్రం కంకుల అక్కకు తెలిసిందే.

ఎంబీఏ పుస్తకం లక్ష్యం ముందు పెట్టుకుని వనరులు పోగు చేసుకోమంటుంది. ఆ 27 మందిలో చాలామంది తిరగేసి ఆలోచించారు. నా దగ్గర ఏముంది? నాకెవరు తెలుసు? ఎంత పోయినా తట్టుకోగలను? ఈ మూడింటితో మొదలుపెట్టి, దారిలో తగిలినవాళ్లను భాగస్వాములుగా కలుపుకున్నారు. సంచి పెట్టిపోయే ఊరాయన అలాంటి భాగస్వామే. అగ్రిమెంటు లేదు, స్టాంపు పేపరు లేదు.

మన ఫణీంద్ర సామ కథ కూడా అలాగే మొదలైంది. 2005లో దీపావళికి బెంగళూరు నుంచి ఊరికి రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. ఉద్యోగంలో ఉన్న ఇంజినీరు. చేతిలో ఉన్నవి ఇంజినీరింగ్ చదువు, ఇద్దరు స్నేహితులు. 2006లో రెడ్‌బస్ మొదలైంది, 2013లో ఇబిబో గ్రూప్ కొనేసింది. తర్వాత ఆయన తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా పనిచేశారు. పండక్కి టికెట్ దొరక్క తిట్టుకున్నవాళ్లు ఆ ఏడాది లక్షల్లో ఉండి ఉంటారు. ఆయనా తిట్టుకునే ఉంటాడు. కాకపోతే తిట్టుకున్నాక బస్సు ఆపరేటర్ల ఆఫీసులు తిరిగాడు.

నా వ్యాను సంగతి

ఇంత చెబుతున్నవాడికి ఇది ముందే తెలుసా అంటే, తెలియదు.

కొన్నేళ్ల క్రితం నేనూ దిగాను. చేవెళ్ల కూరగాయలు, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లు, మధ్యలో నేను. ఐడియా బాగానే ఉంది. లోగో చేయించాను. యాప్ చేయించాను. ఈఎంఐ మీద వ్యాన్ తీశాను. డబ్బాల మీద నవ్వుతున్న టమాటా బొమ్మ కూడా వేయించాను. ఇప్పటికీ ఇంట్లో ఆ డబ్బాలున్నాయి, పాత పేపర్లు పెట్టుకుంటున్నాం.

ఒక్క పని మాత్రం చేయలేదు. ఒక అపార్ట్‌మెంట్‌లో పది ఇళ్ల తలుపులు కొట్టి అడగలేదు. అడిగి ఉంటే తెలిసేది. వాళ్లకు కావాల్సింది వారానికి సరిపడా డబ్బా కాదట! పొద్దున ఏడింటికల్లా కొత్తిమీర, కరివేపాకు, నాలుగు పచ్చిమిర్చి. టిఫిన్ డబ్బాలు కట్టే టైమ్ అది. నా వ్యాన్ పదిన్నరకు వెళ్లేది. నాలుగో నెలకు ఈఎంఐ మిగిలింది, కస్టమర్లు మిగల్లేదు.

తప్పు నాదే. పది ఇళ్లు, ఒక వాట్సాప్ గ్రూప్, ఒక స్కూటీతో తేలిపోయే విషయాన్ని వ్యాన్ కొని తెలుసుకున్నాను. ఇరవై అడుగుల నుంచి విసిరాను.

కొత్త సంస్థలు పాతవాటికన్నా ఎక్కువగా ఎందుకు మూతపడతాయో ఆర్థర్ స్టించ్‌కూంబ్ అనే సోషియాలజిస్ట్ 1965లోనే రాశాడు. కొత్తవాడికి పని ఇంకా అలవాటు కాలేదు, జనంతో సంబంధాల్లేవు, నమ్మకం ఇంకా పుట్టలేదు. మన పల్లెటూరి భాషలో చెప్పాలంటే ముఖపరిచయం లేని బేరం. దీనికి మందు ఒకటే: నమ్మకం అరువు తెచ్చుకోవడం. అపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలిసిన వాచ్‌మన్, పాలవాడు, ఇస్త్రీ ఆయన ఉంటారు. వాళ్ల ద్వారా వెళ్లండి. యాడ్ ఖర్చు ఆదా.

ఏది చేయరో ముందు తేల్చండి

కాలేజీ గేటు ముందు టీ బండి పెడదామనుకుంటున్నారా? హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ 1979లో చెప్పిన ఐదు శక్తుల లెక్క వేయండి. ఐదు నిమిషాల పని.

పక్క బండివాడు మీ పోటీ. రేపు కెటిల్ కొనుక్కుని వచ్చే ఎవడైనా కొత్త పోటీ. క్యాంటీన్ కాఫీ, రెండు రూపాయల చాక్లెట్, ఆఖరికి చల్లటి నీళ్లు కూడా టీకి ప్రత్యామ్నాయమే. పాల రేటు మీ చేతిలో లేదు. కస్టమర్లేమో నెలాఖరుకు జేబు ఖాళీ అయ్యే స్టూడెంట్లు. ఐదు వైపులా నొక్కుడే! మామూలు టీ, మామూలు రేటు, మామూలు టైమ్ అయితే ఆ నొక్కుడులో లాభం ఆవిరైపోతుంది. టీ బండి పెట్టొద్దని చెప్పడం లేదు. మామూలు టీ బండి పెట్టొద్దంటున్నాను.

అదే పోర్టర్ 1996లో ఇంకో మాట గట్టిగా చెప్పాడు. ఏం చేయకూడదో ఎంచుకోవడమే స్ట్రాటజీకి ప్రాణమని.

దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. మన పక్కనే చిలుకూరు. ఆ గుడిలో హుండీ లేదు. వీఐపీ దర్శనం లేదు. మంత్రి వచ్చినా మామూలు భక్తుడితో సమానమే. కోరిక కోరుకుంటే 11 ప్రదక్షిణలు, తీరితే 108. దేవుడికి బిజినెస్ స్ట్రాటజీ అంటగట్టడం నా ఉద్దేశం కాదు, కోప్పడకండి. కానీ ఒకటి గమనించండి. ఆ "లేదు"లు జనానికి నోటికొచ్చు. ఎవరిని అడిగినా చెబుతారు. మీ దుకాణం గురించి అలా చెప్పే "లేదు" ఒక్కటైనా ఉందా? అప్పు లేదు. నిన్నటి నూనె లేదు. ఏడు తర్వాత కొత్త ఆర్డరు లేదు. ఏదో ఒకటి.

ఈ ప్రాంతమే ఒక పాఠం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. ఆ గ్రామాల్లో అజీజ్‌నగర్ ఒకటి. దాన్ని శాపమన్నవాళ్లున్నారు, వాళ్ల బాధ వాళ్లది, కాదనను. అదే సమయంలో నగరం పక్కనే పొలాలు మిగిలాయి, కొందరు వాటిలో పూలు, కూరగాయలు పండించి తెల్లారేసరికి సిటీకి చేర్చారు. చేయలేని పనుల పట్టీ చేతిలో ఉన్నప్పుడు, చేయగలిగే పని మీద చూపు నిలుస్తుంది.

ఇక మీ వంతు

చదివి ఊరుకుంటే కుదరదు. ఇవాళే ఒక వంద పేజీల నోటుబుక్కు కొనండి. ఫోన్‌లో నోట్స్ వద్దు, ఫోన్ తీస్తే రీల్స్ దగ్గర తేలతారు.

మొదటి పేజీలో ఒకే ఒక అంకె వేయండి. ఈ డబ్బు పోతే ఇంట్లో ఎవరి ఫీజూ ఆగదు, ఎవరి మందులూ ఆగవు. ఆ అంకె ఎంత? 3 వేలా, 30 వేలా? సిగ్గుపడకండి. అది మీ ఒక్క సంచి. దాన్ని దాటనని ఇంట్లో ఒకరి ముందు చెప్పండి. అమ్మ ముందు చెబితే మరీ మంచిది, మర్చిపోదు.

రెండో పేజీలో మీకు చేతనైన పనులు ఐదు, మీకోసం ఫోన్ ఎత్తే మనుషులు పదిమంది. పది నిండకపోతే ఈ వారం మీ పని అదే. పరిచయం పెంచుకోండి. మూడో పేజీలో మీ "లేదు".

నాలుగో పేజీ నుంచి గట్టి పని. మూడు ఆదివారాలు ఒకే చోట నిలబడి లెక్కపెట్టండి. ఎన్ని బళ్లు ఆగాయి? ఎందుకు ఆగాయి? ఆగినవాళ్లు ఏం అడిగి, దొరక్క వెళ్లిపోయారు? ఆ ఆఖరి ప్రశ్న కింద గీత గీయండి. అడిగి దొరకని వస్తువులోనే మీ బేరం దాగి ఉంటుంది. కంకుల అక్క దగ్గర నేనున్న అరగంటలో నలుగురు "మంచినీళ్లున్నాయా?" అని అడిగారు. ఆమె దగ్గర లేవు. నాలుగడుగుల అవతల కూల్‌డ్రింక్స్ బండి ఉంది, అందులోనూ చిన్న బాటిల్ లేదు.

మూడు ఆదివారాల తర్వాత చిన్నగా అమ్మి చూడండి. పది మందికి. సగం మంది కొని సగం మంది వద్దన్నారా? సంతోషించండి. మీరు సరైన దూరంలో నిలబడ్డారు. పదిమందీ కొన్నారంటే మరీ దగ్గరున్నారు, అడుగు వెనక్కి వేయండి: రేటు పెంచండి, కొత్త రకం చేర్చండి. ఒక్కరూ కొనలేదా? అరడుగు ముందుకు. దిగులుపడటానికి ఒక సాయంత్రం ఇస్తాను. మర్నాడు పొద్దున మళ్లీ రింగు చేతిలో ఉండాలి.

ఆరు నెలలకోసారి మొదటి పేజీ తెరిచి మీ అంకెను మీరే తనిఖీ చేసుకోండి. కాకినాడ వాళ్ల దగ్గరికైతే వెళ్లి అడిగేవాళ్లు ఉండేవారు. మీకు ఎవరూ రారు, కాబట్టి ఒక స్నేహితుడికి ఆ పని అప్పగించండి. మొహమాటపడే స్నేహితుడు వద్దు. "ఏమైందిరా నీ లెక్క?" అని నలుగురిలో అడిగేవాడు కావాలి.

చిలుకూరు బళ్ల రద్దీ ఆదివారం పొద్దున్నే మొదలవుతుంది. ఏడింటికల్లా అజీజ్‌నగర్ గేటు దగ్గర ఉండండి. నోటుబుక్కు, పెన్ను, గొడుగు. మంచినీళ్లు కూడా తెచ్చుకోండి, అక్కడ ఇంకా ఎవరూ పెట్టలేదు.